మన కొండలలోని తేనెపిట్టలు

మదనపల్లెకు చేరువను, సముద్రమట్టమునకు 4,000 అడుగులకు పైగా ఎత్తున నున్న హార్స్లీ కొండలకు విహారయాత్ర పోయి వచ్చిన విద్యార్థులు, తాము పాఠములలో చదివిన హమ్మింగు పక్షిని అచ్చట చూచితిమని మాతో చెప్పుచుందురు. పిడికిట నిముడు పిట్ట, వంగిన సన్నని ముక్కు, ఎండలో తళతళలాడు నీలవర్ణము చూచి వారట్లు తలంచుట వింత కాదు. కాని హమ్మింగు పక్షులు 350కి పైబడిన జాతులు గలవైనను, అమెరికా ఖండములందును వాని దీవులందును తప్ప వేరెచ్చటను సహజముగా నివసింపవు. విద్యార్థులు చూచినది తేనెపిట్ట.

ఈ రెండింటికిని దగ్గరి చుట్టరికము లేదు. తేనెపిట్ట కాకియు పిచ్చుకయు చేరిన గణములోనిది. హమ్మింగు పక్షి అట్టిది కాదు. వేర్వేరు ఊళ్ల కంసాలుల చేతులలో ఒకే తీరు పనిముట్లున్నట్లు, పూదేనె త్రాగి బ్రదుకుటచే రెండింటికిని సన్నని ముక్కును పొడవైన నాలుకయు నేర్పడినవి.

భేద మెట్లు తెలియును? హమ్మింగు పక్షి రెక్కలను అతివేగముగా ఆడించుచు గాలిలో నిలిచి తేనె త్రాగును, వెనుకకును ఎగురగలదు. తేనెపిట్ట సాధారణముగా కొమ్మపై వ్రాలియే త్రాగును. గాలిలో నిలుచుట క్షణమాత్రమే. మన ప్రాంతమున పువ్వు నెదుట చాలసేపు గాలిలో నిలుచు చిన్న ప్రాణికి తలపై మీసములున్నచో, అది పక్షియే కాదు, చిమ్మట.

మదనపల్లె, పుంగనూరు, కుప్పము ప్రాంతములలో రెండు తేనెపిట్టలను సులభముగా గుర్తింపవచ్చును. ఒకదాని మగపిట్ట గ్రుడ్లు పెట్టు కాలమున నీడలో నల్లగాను ఎండలో నీలముగాను మెరయును. పిదప ఆ వేషము విడిచి, గొంతునుండి రొమ్మువరకు నల్లని చారతో మిగులును. రెండవదాని మగపిట్ట పసుపుపచ్చని పొట్టతో ఏడాది పొడుగున నొకే రీతిగా నుండును. ఆడపిట్ట సాలెగూటి దారములతో నారను, బెరడు ముక్కలను కూర్చి వ్రేలాడు సంచివంటి గూడు కట్టును. చూచువారికది గాలికి చిక్కుకొన్న చెత్తవలె కనబడును. తరచుగా అందు రెండు గ్రుడ్లుండును.

తేనె త్రాగునపుడు పుప్పొడి ఈ పిట్టకంటి మరియొక పువ్వును చేరును. మోదుగ, బదనికలకు కాయ పట్టుటలో దీని సాయము మెండు. ఉండేలు దెబ్బకు పిట్ట యొకటి రాలినచో, ఆ సాయమును అంత తగ్గును.

బాలబాలికలారా, పరదేశపు పేరొకటి పెట్టి తృప్తిపడినచో పరీక్షించుట అంతటితో నిలిచిపోవును. మీ పెరటి మందారముకడ నొక ఉదయము కదలక నిలువుడు. పిట్ట వ్రాలునో, గాలిలో నిలుచునో, పొట్ట ఏ రంగో వ్రాసికొనుడు. గూడు కనబడినచో దూరమునుండియే చూడుడు.