మగ్గముల చప్పుడులో మాట వినుట



మన ఇండ్లలో ప్రతిదినము ఒక వింత జరుగుచున్నది. నాలుగు మగ్గములు ఒకేసారి ఆడుచుండును. పక్కన రాట్నము తిరుగుచుండును. అయినను తన మగ్గమున నాడె తడబడిన వెంటనే నేతగాడు కాలు ఆపును. పొరుగు మగ్గము అంతకంటె గట్టిగా మ్రోగినను పట్టించుకొనడు. ఇది ఎట్లు జరుగును?

కంటికి రెప్ప కలదు, చెవికి లేదు. శబ్దములన్నియు కలిసి ఒక్క ముద్దగానే చెవిలో పడును. చిక్కుపడిన నూలునుండి కావలసిన పోగును విడదీయునది మెదడు. దానికి రెండు చెవులును సాయపడును. కుడి వైపు మాట కుడి చెవికి కొంచెము ముందుగాను, కొంచెము గట్టిగాను చేరును. ఈ తేడా సెకనులో వేయవ వంతు కూడ ఉండదు. ఐనను మెదడు దానిని గుర్తించును. గొంతు స్థాయి, మాట నడక, పెదవుల కదలిక కూడ ఆనవాళ్లే.

కోలిన్ చెర్రీ అను శాస్త్రజ్ఞుడు 1953లో తన పరీక్షలను ప్రకటించెను. వినువారి రెండు చెవులలో రెండు వేర్వేరు ప్రసంగములు వినిపించి, ఒకదానిని మాత్రము పైకి చెప్పుచుండుమనెను. రెండవ చెవిలో ఏమి చెప్పిరో వారికి తెలియలేదు. ఇంగ్లీషు మారి జర్మను వచ్చినను గమనింపలేదు. మగ గొంతు ఆడ గొంతుగా మారినచో మాత్రము కనిపెట్టిరి. 1959లో నెవిల్ మోరే చేసిన పరీక్షలో, వినని చెవిలో తమ పేరు పలికినపుడు సుమారు మూడవ వంతు మంది గుర్తించిరి. కావున మెదడు వదలిన శబ్దమును సైతము ఒక ఓర కనిపెట్టుచునే యుండును.

ఈ విద్యకు మూలము లోచెవిలోని సన్నని రోమకణములు. అవి పెద్ద చప్పుడుకు చచ్చినచో మనుష్యులకు మరల మొలవవు. దినమునకు 8 గంటలు పనిచేయువారికి 85 డెసిబెల్లు హద్దని చెప్పుదురు. మరమగ్గముల షెడ్డులో చప్పుడు తరచు 90 దాటును. షోలాపూరు, భివండీలలో మనవారనేకులు అట్టి షెడ్డులలోనే బ్రతుకుచున్నారు.

నష్టము మొదట ఇంటిలో తెలియదు. పెండ్లిలోను, సంతలోను తెలియును. మా సంఘ సమావేశమున ఒక పెద్ద సభ్యుని నూలు పంపిణీ విషయమై రెండుమార్లు అడిగితిమి. ఆయన పలుకలేదు. అలిగినాడని తలచి, ఆయన మాట లేకయే తీర్మానించితిమి. మరునాడు ఆఫీసు గదిలో ఒంటరిగా అడుగగా చక్కగా బదులు చెప్పెను. ఆయన ముప్పది యేండ్లు మరమగ్గముల నడుమ గడిపినవాడు. తప్పు మాదే.

కావున షెడ్డులో చెవిబిరడాలు వాడవలెను. ఉత్త దూది చాలదు. సందడిలో మాట అందనివారు ప్రభుత్వాసుపత్రిలో చెవి పరీక్ష చేయించుకొనవలెను. వారితో మాటాడునపుడు మగ్గమాపి, ముందు పేరు పిలిచి, ఎదుట నిలిచి చెప్పవలెను. పిల్లలకు ఈ వడకట్టు శక్తి యౌవనారంభము వరకు పూర్తిగా కుదరదు. వారి చదువు మగ్గమునకు దూరముగా సాగనిండు. పలుకనివారిని పొగరుబోతులని తలచుటకు ముందు, మన మాట వారికి అందినదో లేదో విచారింతము.