వెలిసిన కారుకు పాలిషా, పెయింటా?

ప్రశ్న: గ్రేటర్ నోయిడాలో ఉంటున్నాం. ఏళ్ల తరబడి ఎండలో నిలిపిన కారు వెలిసి, గరుకుబారింది. మళ్లీ పెయింటు వేయించాలా?

జవాబు: తొందరపడకండి. పొడిగుడ్డతో మాత్రం తుడవొద్దు, కట్టడాల దుమ్ములోని ఇసుకే గీతలు పెడుతుంది. నీళ్లు ధారగా కొట్టి, షాంపూతో కడిగి, ఆ నురగ మీదే క్లే బార్ అనే బంకముద్దను మెల్లగా జరపండి. వేళ్లకు తగిలే గరుకు చాలావరకు పోతుంది. తెల్లటి చుక్కలు బోరునీటి ఉప్పు; పలచటి వెనిగర్ అద్ది వెంటనే కడిగేయాలి.

ఆ తర్వాతే పాలిషింగ్. పైనుండే క్లియర్ కోట్ సాధారణంగా 35–50 మైక్రాన్లే. కాంపౌండ్ పట్టించిన ప్రతిసారీ అందులో కొంత అరుగుతుంది. పెయింటు మందం కొలిచే మీటరు లేని షాపుకు నేనైతే బండి ఇవ్వను. బానెట్, టాప్ మీద పొర పొలుసులుగా లేస్తుంటే పాలిష్ దండగ, ఆ భాగాలకే పెయింటు వేయించండి.

అన్నట్టు, పదేళ్లు దాటిన డీజిల్ బండైతే ఖర్చు పెట్టేముందు పాత బండ్లపై ఢిల్లీ ఎన్సీఆర్ నిబంధనలు కనుక్కోండి.