ప్రమోషన్‌కు ఇదా దారి?

ప్రశ్న: నాకు 27 ఏళ్లు. హైదరాబాద్‌లో ప్రైవేటు ఉద్యోగం. మా మేనేజర్ నా పనికంటే నా అందం గురించే ఎక్కువ మాట్లాడతారు. ‘కాస్త చనువుగా ఉంటే ప్రమోషన్ నీదే’ అన్నట్టు సూచిస్తున్నారు. తోటివాళ్లేమో ‘నవ్వుతూ నెట్టుకొచ్చెయ్, పోయేదేముంది’ అంటున్నారు. ఏం చేయాలి?
– ఓ సోదరి

జవాబు: ఒక మంచి లక్షణం చూసి మిగతావన్నీ మంచివే అనుకోవడం మనుషులు తరచూ చేసే పొరపాటు. మనస్తత్వవేత్త థార్న్‌డైక్ 1920లోనే దీన్ని ‘హేలో’ అన్నారు. అలా అందం ఇంటర్వ్యూలో కొంత కలిసిరావచ్చు. కానీ ఒకరి మోజు మీద నిలిచిన హోదా ఆ మోజు తీరేదాకానే. పైగా మీరు కష్టపడి సాధించిందీ ఆ మోజు ఖాతాలోనే వేస్తారు.

ఇద్దరూ ఇష్టపడటం వేరు, పై అధికారి ప్రమోషన్ ఎర చూపడం వేరు. పనిచేసే చోట మహిళల రక్షణకు తెచ్చిన 2013 నాటి చట్టం ప్రకారం, నేరుగా అనకుండా ఇలా ఆశ చూపినా లైంగిక వేధింపు కిందికి రావచ్చు.

ముందు ‘సార్, పని విషయాలే మాట్లాడదాం’ అని స్పష్టంగా చెప్పండి. మెసేజ్‌లు, తేదీలు భద్రపరచండి. 10 మంది, అంతకుమించి పనిచేసే సంస్థలో మహిళ అధ్యక్షతన అంతర్గత కమిటీ ఉండాలి. చివరి ఘటన జరిగిన 3 నెలల్లోగా రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. తగిన కారణముంటే మరో 3 నెలల వరకు గడువు ఇవ్వవచ్చు. చిన్న సంస్థ అయితే జిల్లా స్థాయి స్థానిక కమిటీని ఆశ్రయించండి.

తప్పు మీది కాదమ్మా, మొహమాటపడకండి.