కూలి రేటుతో పాటు బస్తా బరువూ అడగండి

10 టన్నుల లారీలో 50 కిలోల బస్తాలు 200 పడతాయి. పదిమంది ముఠా దాన్ని దింపితే మనిషికి 20 బస్తాలు, అంటే ఒక్కొక్కరి వీపు మీదుగా టన్ను సరుకు. సీజన్లో రోజుకు ఒక్క లారీతో పని అయిపోదు. గుంటూరు మిర్చి యార్డులో, వరంగల్ ఎనుమాములలో, ఊరి చివర సిమెంటు గోదాములో పనిచేసే హమాలీలకు ఈ లెక్క ఒకరు చెప్పనక్కర్లేదు. అయినా రేట్ల చర్చకు కూర్చుంటే బస్తాకు ఎంత పెంచుతారన్న మాట ఒక్కటే నడుస్తుంది. రూపాయి పెరిగితే గెలిచినట్టే లేచి వస్తారు. ఆ రూపాయి అక్కర్లేదని అనను. బేరంలోకి రావలసినవి దాంతో పాటు చాలా ఉన్నాయి.

మొదటిది బరువు. మగవాళ్లకు 55 కిలోలు దాటిన మోత ఉంటే తగ్గించాలని అంతర్జాతీయ కార్మిక సంస్థ 1967లోనే సిఫారసు చేసింది. యూరియా బస్తా 2018 నుంచి 45 కిలోలకు దిగింది. కంపెనీ సంచుల బరువు సంచి మీదే ఉంటుంది కాబట్టి తగువు లేదు. తగువంతా రైతు దగ్గరో వ్యాపారి దగ్గరో నింపిన సంచులతోనే. తడిసిన ధాన్యం, కుక్కి నింపిన సంచి 60 కిలోలు దాటినా కూలి మాత్రం 'బస్తాకు ఇంత' అనే లెక్కలోనే ఉంటుంది. అలాంటి చోట క్వింటా లెక్క అడగండి. లేదా ఇన్ని కిలోలు దాటితే ఇద్దరు పట్టాలి, కూలి ఒకటిన్నర రెట్లు అని రాయించుకోండి.

తర్వాత ఎత్తు, దూరం. నడుము ఎత్తులో పెట్టే బస్తాకూ, పదో వరుస మీదికి ఎక్కించే బస్తాకూ ఒకే కూలి ఇవ్వడం అన్యాయం. లారీ గోదాము గుమ్మం దాకా రాకపోతే నడక పెరుగుతుంది, రేటు పెరగదు. లారీ కోసం పొద్దున్నుంచి సాయంత్రం దాకా కూర్చున్న కాలానికైతే అసలు ఖరీదే కట్టరు. నా ఉద్దేశంలో రూపాయి పెంపు కన్నా ఈ నిరీక్షణ కూలి సాధించడమే పెద్ద విజయం.

ఒంటి సంగతి. బస్తాను ఒక్కరే నేల నుంచి లేపవద్దు, ఇద్దరి చేత ఎత్తించుకోండి. బరువు మీద ఉన్నప్పుడు నడుము తిప్పకుండా పాదాలు తిప్పండి. లారీకి వేసే చెక్క జారకుండా, ఊగకుండా ఉండాలి. చెక్క ఊగుతుంటే పని ఆపే హక్కు ముఠాకు ఉండాలని ఒప్పందంలోనే రాయించండి. ఎండాకాలం బరువు పనిని పొద్దున పదిలోపు ముగించేలా లారీలను రప్పించుకోవడం కూడా బేరమే. రోజూ నొప్పి బిళ్ల మింగి పనిలోకి దిగే అలవాటు ఉన్నవాళ్లు ఒకటి తెలుసుకోవాలి. చెమటతో ఒంట్లో నీరు తగ్గినప్పుడు ఆ బిళ్లలు మూత్రపిండాలను దెబ్బతీస్తాయి. నడుము నొప్పితో పాటు కాలు మొద్దుబారినా, ఒంటేలు పట్టు తప్పినా పట్టు వేయించుకుంటూ కూర్చోవద్దు. అదే రోజు పెద్దాసుపత్రికి వెళ్లాలి.

ఇక యార్డులో చిక్కు వేరు. హమాలీ కూలి చాలాచోట్ల రైతు తక్‌పట్టీలో కోత పడుతుంది. అందుకే రేటు పెంచమంటే రైతు కన్నెర్ర చేస్తాడు, వ్యాపారి పక్కన నిలబడి చూస్తాడు. మహారాష్ట్ర 1969లో మాథాడీ చట్టం చేసి ఈ ముడి కొంత విప్పింది. అక్కడ పని చేయించుకునేవాళ్లు కూలితో పాటు అదనపు సుంకం బోర్డుకు కట్టాలి. ఆ డబ్బులోంచే హమాలీలకు భవిష్యనిధి, గ్రాట్యుటీ లాంటివి. మన దగ్గరా ముఠా, జట్టు, హమాలీ కార్మికుల పేరుతో 1976లోనే చట్టం వచ్చింది. సంక్షేమ బోర్డు కావాలని సంఘాలు మాత్రం ఇంకా అడుగుతూనే ఉన్నాయి. కొనేవాడి నుంచి సుంకం రావాలని అడిగితే రైతు మీకు ఎదురు నిలబడడు.

ఒకే బరువుకు కూలి ఎందుకు మారుతుందో చూడాలంటే భారత ఆహార సంస్థ గోదాములు చాలు. అదే బస్తాను సంస్థ సొంత కార్మికుడూ మోస్తాడు, సంస్థ నేరుగా కూలి చెల్లించే కార్మికుడూ మోస్తాడు, కాంట్రాక్టరు మనిషీ మోస్తాడు. బస్తా బరువులో తేడా లేదు. పేరు ఎవరి పుస్తకంలో ఉందన్నదే తేడా. కాబట్టి ముఠాకు ఒక పుస్తకం పెట్టండి. తేదీ, లారీ నంబరు, సరుకు, బస్తాలు, రేటు, ఆ రోజు పనిలో ఉన్నవాళ్ల పేర్లు రాసి గుమస్తా చేత సంతకం చేయించండి. చేయనంటే ఫోన్‌లో ఫొటో తీసి ఉంచండి. కూలి మేస్త్రీ చేతికి కాకుండా ఖాతాలో పడితే ఇంకా మంచిది. మేస్త్రీలకు ఈ మాట నచ్చదని తెలుసు.

ప్రమాదం జరిగిన రోజున ఆ పుస్తకమే సాక్షి. గడిచిన ఏడాదిలో ఏ ఒక్క రోజైనా పదిమందికి తగ్గకుండా సరుకు మోసిన గోదాము, యాభైమందికి తగ్గకుండా మోసిన మార్కెట్ నష్టపరిహార నిబంధనల కిందికి వస్తాయి. రోజుకూలీ అన్న కారణంతో హక్కు పోదు. యజమాని ఎవరన్నదే అసలు పేచీ. వ్యాపారి మేస్త్రీని చూపిస్తాడు, మేస్త్రీ వ్యాపారిని చూపిస్తాడు. దెబ్బ తగిలిన రోజే ఆసుపత్రి చీటీలో 'పనిలో ఉండగా' అని రాయించి, వ్యాపారికి కాగితం మీద తెలియజేసి, కార్మిక శాఖ కార్యాలయానికి వెళ్లండి. ఈలోగా బ్యాంకు ఖాతా నుంచి ఏడాదికి 20 రూపాయలు పోయే సురక్షా బీమా యోజన ఉంది. ప్రమాదంలో మరణిస్తే కుటుంబానికి 2 లక్షలు వస్తాయి. ఈ-శ్రమ్‌లో పేరు కూడా నమోదు చేయించండి.

ఇవన్నీ అడగాలంటే సంఘం కావాలి. అది రిజిస్టరు కావాలంటే కనీసం ఏడుగురు సభ్యులుండాలి. ఆ సంస్థలోనో పరిశ్రమలోనో పనిచేసేవాళ్లలో పదో వంతో, వందమందో, ఏది తక్కువైతే అంతమంది చేరాలి. 2025 నవంబరు 21 నుంచి కొత్త కార్మిక కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. వాటి పరిధిలోని పరిశ్రమలో సమ్మెకు 14 రోజుల ముందే నోటీసు ఇవ్వాలి. ఇవ్వకుండా పని ఆపితే తప్పు మీ మీదికే వస్తుంది కాబట్టి, కోపం వచ్చిన పూట గేటు మూసే ముందు సంఘం కార్యదర్శిని అడగండి.

రాబోయే రేట్ల సమావేశానికి ఒక నెల ముందే మొదలుపెట్టండి. దింపిన ప్రతి లారీ, 50 దాటిన ప్రతి బస్తా, ఖాళీగా కూర్చున్న ప్రతి గంట పుస్తకంలోకి ఎక్కించండి. ఆ పుస్తకం బల్ల మీద పెట్టి మాట్లాడండి.