త్రాగు నూతులను శుద్ధి చేయు విధము

2024 సం. అక్టోబరు మాసమున విజయనగరము జిల్లా గుర్ల గ్రామమునందు అతిసారము ప్రబలి, వందకు మించిన జనులు రోగపీడితులైరి, పలువురు మరణించిరి. త్రాగునీరు కలుషితమగుటయే హేతువని యెన్నబడినది. గుర్లకును రామతీర్థమునకును దూర మెక్కువ కాదు.

నీరు తేటగా నున్నది, తాతలనాటినుండి త్రాగుచున్నాము అను మాట యీ విషయమున చెల్లదు. 1854లో లండను నగరమున జాన్ స్నో అను వైద్యుడు ఒక వీధి పంపు నీటివలననే కలరా వ్యాపించుచున్నదని కనుగొనెను. ఆ నీటి రుచిని మెచ్చి దూరమునుండి తెప్పించుకొనిన యొక స్త్రీయు దానివలననే మరణించెను.

మన దేశమున నారికురుపు దిగుడుబావులలో కాళ్లు మోపి నీరు ముంచుకొనుటచే వ్యాపించుచుండెడిది. దానికి టీకా లేదు, తగిన మందును లేదు. నీటిని వడగట్టుటచేతను, మెట్లు మూయుటచేతనునే యది తొలగి, 2000లో దేశము ఆ రోగమునుండి విముక్తమైనట్లు ప్రకటింపబడెను.

నూతిని శుద్ధి చేయుట కష్టము గాదు. వేయి లీటర్ల నీటికి మేలురకపు బ్లీచింగు పౌడరు 2.5 గ్రాములు చాలును. 3 మీటర్ల వెడల్పును, 4 మీటర్ల నీటి లోతును గల గుండ్రని నూతియందు సుమారు 28,000 లీటర్లుండును. దానికి 70 గ్రాములు, అనగా పాత తూనికను ఆరు తులములు, కావలయును. పొడిని బకెట్టులో కొద్ది నీటితో ముద్దగా కలిపి, పిమ్మట ముప్పాతికవరకు నీరు పోసి, పది నిమిషములు తేరనీయవలెను. పైతేటను మాత్రమే వేఱొక బకెట్టులోనికి వంచుకొని, దానిని త్రాటితో నూతిలోనికి దింపి పలుమారు పైకిని క్రిందికిని ఆడింపవలెను. అడుగున నిలిచిన సున్నమును పారవేయవలెను. అది కలిసిన నీటి కాఠిన్యము పెరుగును. ఈ పని రాత్రి జేసినచో తెల్లవారువరకు నెవ్వరును తోడరు గాన మేలు. కనీస మొక గంటయైన నాగవలెను. రోగము వ్యాపించిన దినములలో ప్రతిరాత్రియు నిట్లే చేయవలయును. గాలి తగిలిన పొడికి సత్తువ యుండదు. దానిని మూత బిగువుగల డబ్బాలో నుంచవలెను.

నూతికి పిట్టగోడయు, చుట్టును గచ్చు చప్టాయు, వాడుకనీరు పోవు కాలువయు నుండవలెను. పెంటకుప్పయు, మరుగుదొడ్డి గోతులును 50 అడుగుల దూరమున కీవల నుండరాదు. ఎరువు మీది యాశతో కొందఱు రైతులు పెంటను నూతిచెంతనే వేయుదురు, ఇది తగదు. ఎరువే కావలసినచో రెండు గోతుల మరుగుదొడ్డి యుండనే యున్నది. ఒక గొయ్యి నిండినంతనే దానిని మూసి రెండవదానిని వాడుచు, ఏడాదిన్నర గడచిన పిమ్మట తీసిన మన్ను దుర్గంధము లేనిదై పొలమున కుపయోగించును.

నాట్ల దినములలో కూలీలు రైతు నూతినీటినే త్రాగుదురు. వారికై గట్టుమీద నుంచు కుండకు మూతయు, ముంచుటకు పొడవు పిడిగల గరిటెయు నుండవలెను. చేయి ముంచినచో శుద్ధిచేసిన నీరును చెడును.