చేపలతొట్టికి కంట్రోలరు: ఏది కొనవలెను, ఏది వలదు

మన విద్యార్థుల యిండ్లలో ఇటీవల చేపలతొట్లు కానవచ్చుచున్నవి. తొట్టితోపాటు ఎలెక్ట్రానిక్ కంట్రోలరును గూడ కొనిపెట్టుమని పిల్లలు పట్టుపట్టుచున్నారు. “ఇది నిజముగా అవసరమా అయ్యవారూ?” అని తల్లిదండ్రులు అడుగుచున్నారు. వానను నమ్మి వేరుసెనగ పండించు మన పావగడ తాలూకాలో ప్రతి రూపాయికిని లెక్క యుండును. కావున నాకు తెలిసిన నాలుగు మాటలు విన్నవించుచున్నాను.

కంట్రోలరులో ముఖ్యభాగములు మూడు. నీటి వేడిని గ్రహించునది సెన్సారు. ఆ వేడిని మనము నిర్ణయించిన హద్దుతో పోల్చునది రెండవ భాగము. హీటరునకు విద్యుత్తు నిచ్చి ఆపునది రిలే. ఈ తత్త్వము క్రొత్తది కాదు. 17వ శతాబ్దమున హాలెండు దేశస్థుడగు కార్నేలిస్ డ్రెబెల్ కోడిగ్రుడ్లను పొదిగించు పొయ్యికి, పాదరసమును ఉపయోగించి, వేడిని అదుపులో నుంచు నేర్పాటు చేసెను. నేడు పాదరసమునకు మారుగా చిన్న చిప్పు వచ్చినది.

మొదట నీటిని పరీక్షింపుడు. నీరు కాచిన పాత్ర అడుగున తెల్లని పొర కట్టినచో అది గట్టినీరు. అందలి బైకార్బొనేటు ఆమ్లమును అణచును గనుక నీటి పి.హెచ్. త్వరగా మారదు. అట్టి యింట పి.హెచ్. కంట్రోలరు దండుగ. దాని సెన్సారును తరచు సరిచూడవలెను, ఎండనిచ్చినచో పాడగును. గప్పీ, మాలీ చేపలు గట్టినీటిలో హాయిగా బ్రదుకును. నీటిని మార్చ యత్నించుటకంటె నీటికి తగిన చేపను ఎంచుకొనుట మేలు.

ఇక వేడి సంగతి. ఈ చేపలకు 24 మొదలు 28 డిగ్రీల వరకు అనుకూలము. 60 సెంటీమీటర్ల పొడవు, 30 వెడల్పు, 30 ఎత్తు గల తొట్టిలో 54 లీటర్లు పట్టును. దానికి 50 వాట్ల హీటరు చాలును. హీటరులోనే థర్మోస్టాటు ఉన్నచో, చలికాలమునకు వేరు కంట్రోలరు అక్కరలేదు. మనకు వేసవియే గట్టి పరీక్ష. 20 డిగ్రీల మంచినీటిలో లీటరునకు సుమారు 9 మిల్లీగ్రాముల ప్రాణవాయువు కరగియుండగలదు. 30 డిగ్రీల వద్ద ఏడున్నర మాత్రమే. కనుక కంట్రోలరు కొనదలచినచో హీటరును, చల్లబరచు ఫ్యానును రెండింటిని నడపగలదానినే కొనుడు.

ఒక విద్యార్థి యింట రిలే అంటుకొనిపోయి, హీటరు రాత్రియంతయు ఆరక, తెల్లవారుసరికి చేపలన్నియు చనిపోయినవి. ఆ బాలుడు రెండు దినములు బడికి రాలేదు. హీటరు థర్మోస్టాటును కంట్రోలరు హద్దుకంటె రెండు డిగ్రీలు మాత్రమే పైన నిలిపియున్నచో ఒకటి తప్పినను రెండవది కాపాడెడిది. పెద్ద హీటరు కొనకుండుటయు ఒక రక్షణయే.

దీపమునకు దినమునకు ఎనిమిది గంటలు చాలును. కరెంటు పోయినను వేళ తప్పని, లోపల బ్యాటరీ గల టైమరును కొనుడు. గాలిపంపునకు బ్యాటరీ ఆధారమున్నచో మరింత మేలు.

చేపల మలమూత్రములనుండి పుట్టు అమ్మోనియాను ఈ చౌక కంట్రోలరులేవియు పసిగట్టవు. దానిని నైట్రైటుగాను, పిదప నైట్రేటుగాను మార్చు సూక్ష్మజీవులు క్రొత్త తొట్టిలో స్థిరపడుటకు నాలుగు మొదలు ఆరు వారములు పట్టును. అంతవరకు చేపలు కొద్దిగా నుండవలెను. మేత మితముగా వేయవలెను.

పిల్లల ప్రాణము అన్నిటికంటె ముఖ్యము. తొట్టి విద్యుత్తునకు 30 మిల్లీఆంపియర్ల ఆర్.సి.సి.బి. అమర్పింపుడు. తీగవెంట నీరు ప్లగ్గులోనికి జారకుండ తీగను క్రిందికి వంచి పైకి త్రిప్పుడు. నీటిలో చేయి పెట్టుటకు ముందు స్విచ్చి ఆపవలెను. పెద్ద తరగతుల పిల్లలు ఆర్డుయినో పలకతో స్వయముగా కంట్రోలరు చేయగోరినచో ప్రోత్సహింపుడు. కాని ఇంటి కరెంటు తీగలు కలుపు పని ఎలెక్ట్రీషియనుదే.

కావున ముందు ఉష్ణమాపకము, థర్మోస్టాటు గల హీటరు, పిదప టైమరు, మిగిలినచో కంట్రోలరు. మరియొక మాట. మన తాలూకా భూగర్భజలములలో ఫ్లోరైడు హెచ్చు. నీటిని కాచినంతమాత్రమున అది పోదు. ఇంట శుద్ధమైన త్రాగునీటికి ఇంకను ఏర్పాటు లేనిచో ఈ సొమ్ము మొదట దానికే చెందవలెను. చేపలతొట్టి మరుసటి యేడు రావచ్చును. ప్రతి ఉదయము నీటి వేడిని నోటుపుస్తకమున వ్రాసికొను బాలునికంటె నమ్మదగిన కంట్రోలరు అంగడిలో దొరకదు.