ఒక ఓడ – ఇద్దరు యజమానులు

గడ్డిబండి కట్టేటప్పుడు మా నాన్న ఒక మాట అంటూంటాడు: "అడుగు బరువుండాలిరా. నెత్తి బరువెక్కితే గట్టు దిగేటప్పుడు ఒరిగిపోద్ది." ఈ మాటనే మనం తరగతిలో గరిమనాభి పాఠంగా చదువుకుంటాం. ఆ పాఠాన్ని పెడచెవిని పెట్టిన ఒక ప్రయాణీకుల ఓడ కథ మిత్రులకు మనవి చేస్తాను.

1994లో జపానులోని నాగసాకిలో ఆ ఓడను కట్టారు. పేరు 'ఫెర్రీ నామినోఉయే'. మనుషులను, లారీలను, సరుకును మోస్తూ కగోషిమా, ఒకినావాల నడుమ 18 ఏళ్ళు తిరిగింది. 2012లో జపాను కంపెనీ దానిని అమ్మివేసింది.

దక్షిణ కొరియాలో ప్రయాణీకుల ఓడకు ఒకప్పుడు 20 ఏళ్ళే గడువు. 2009లో దానిని 30 ఏళ్ళ దాకా సడలించారు. ఆ వెసులుబాటుతో చొంగ్‌హేజిన్ అనే కంపెనీ ఈ పాత ఓడను కొని, 'సెవోల్' అని పేరు మార్చి, 2013 నుండి ఇంచియాన్ – జేజు దారిలో నడిపింది. పాతది కొనడం తప్పు కాదు; మా పొలంలో ఆయిలింజను కూడా సెకండ్‌హాండ్‌దే. కొన్నాక ఏం చేశామన్నదే ప్రశ్న.

కొత్త యజమాని వెనుకభాగాన పై అంతస్తుల్లో గదులు కట్టించాడు. సుమారు 800 మంది ఎక్కే ఓడ 900 దాటి ఎక్కించుకునేదయింది. ఇక్కడే మన పాఠం వస్తుంది. ఓడ ఒక పక్కకు ఒరిగినప్పుడు దాని బరువు గరిమనాభి గుండా కిందికి లాగుతుంది. నీటి ఉత్ప్లవన బలం ఒరిగిన వైపుకు జరిగి పైకి నెడుతుంది. ఈ రెండూ కలిసి ఓడను తిరిగి నిలబెడతాయి. గరిమనాభి పైకి పోయేకొద్దీ ఆ నిలబెట్టే శక్తి తగ్గిపోతుంది.

అందుకే తనిఖీ సంస్థ షరతు పెట్టింది: సరుకు 987 టన్నులు మించరాదు, అడుగు తొట్లలో సుమారు 1,700 టన్నుల బ్యాలాస్ట్ నీరు ఉండాలి. కాని నీటికి కిరాయి రాదు, సరుకుకు వస్తుంది. చివరి ప్రయాణంలో సరుకు రెండు వేల టన్నులు దాటిందనీ, నీరు 760 టన్నులేననీ ప్రాసిక్యూషన్ లెక్క తేల్చింది. విచిత్రమేమంటే, నీరు తీసేసి సరుకు వేస్తే మొత్తం బరువు పెద్దగా మారదు. ఓడ పక్కన గీసిన హద్దు గీత మునగదు. గట్టున నిలబడి చూసేవాడికి అంతా సవ్యంగానే కనిపిస్తుంది!

2014 ఏప్రిల్ 16 ఉదయం ఓడ కుడివైపుకు తిరుగుతూ ఎడమవైపుకు ఒరిగింది. ఆ మలుపు ఎందుకు వచ్చిందో విచారణ సంఘాల్లోనే భిన్నాభిప్రాయాలు వచ్చాయి. సరిగా కట్టని సరుకు ఒక్కసారిగా పక్కకు జారింది. ఒరిగిన ఓడ మళ్ళీ లేవలేదు. ఉన్నచోటనే ఉండమని లోపల పదేపదే ప్రకటించారు. చెప్పింది చెప్పిన కెప్టెనూ కొందరు సిబ్బందీ ముందే బయటపడ్డారు. 476 మందిలో 304 మంది చనిపోయారు. వారిలో 250 మంది విహారయాత్రకు బయలుదేరిన ఒకే హైస్కూలు విద్యార్థులు. పెద్దల మాట విని కదలకుండా కూర్చున్నవారే చాలామంది.

2015లో కెప్టెనుకు యావజ్జీవ శిక్ష ఖరారైంది. కంపెనీ అధిపతి కూడా జైలుకు వెళ్ళాడు. 2017లో ఓడను పైకి తీశారు.

18 ఏళ్ళు నడిచిన ఓడ రెండో చేతిలో ఏడాది పైచిలుకే నిలిచింది. సూత్రం ఇద్దరు యజమానులకూ ఒకటే. దానిని లెక్కలోకి తీసుకోవడంలోనే తేడా. రేపు మనలో కొందరు ఇంజనీర్లమవుతాం, కొందరు తనిఖీ అధికారులమవుతాం. సంతకం పెట్టేముందు గీత మునిగిందా లేదా అని మాత్రమే కాక, అడుగున ఏముందో కూడా దిగి చూద్దాం. మా నాన్న బండి కదిలించేముందు ఎప్పుడూ ఒకసారి కిందికి వంగి చూస్తాడు.